మా పెరటికి వచ్చే ముళ్లులేని చుట్టం



ఒక అక్టోబరు ఆదివారం ఆరాధన ముగిసి అందరూ గుమ్మం దగ్గర చెప్పులు వెదుక్కుంటుండగా, మా సండేస్కూలు పాప ఒకతె బొమ్మల పుస్తకం తెరచి నా ముందు పెట్టింది. ఎండుటాకుల కుప్పలోనుండి మూతి బయటపెట్టి చూస్తున్న చిన్న జంతువు బొమ్మ అది. వీపునిండా ముళ్లు, పొడవాటి ముక్కు, నల్లని పూసల్లాంటి కళ్లు. "పాస్టర్ అంకుల్, మనం కూడా ఆకులు కుప్ప పోస్తే ఇది మనింటికి వస్తుందా?" అని అడిగింది. "ఇది ముళ్లపంది, అడవిలో ఉంటుంది తల్లీ" అని చెప్పి పంపించేశాను. ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చున్న తరువాత తెలిసింది, నేను చెప్పినది రెండు విధాలా తప్పని.

మనవాళ్లలో చాలామంది నాలాగే ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. ముళ్లపంది, అనగా ఏదుపంది, పది పదిహేను కిలోల బరువు తూగుతుంది. కొరికి తినే జాతి. దుంపలు, వేరుశనగ, చెట్ల బెరడు దాని ఆహారం. పుస్తకంలోని జంతువు అరచేతిలో పట్టేంతది. అది పురుగులను, నత్తలను, వానపాములను తిని బ్రతుకుతుంది. అపాయం వస్తే ముళ్లబంతిలా చుట్టుకొని కదలక పడివుంటుంది. తమిళులు దీనిని ముళ్ళెలి అంటారు, ముళ్ల ఎలుక అని అర్థం. ఎలుక కాకపోయినా మనం కూడా ఇక్కడ ముళ్లెలుక అనే అందాం.

ఏదుపంది అన్న మాట బైబిలు చదివేవారికి కొత్త కాదు. యెషయా 34వ అధ్యాయంలో పాడైపోయిన ఎదోములో కాపురముండేవాటిలో అది కనబడుతుంది. అక్కడి హెబ్రీ మాట కిప్పోద్. దానిని కొందరు పక్షి అని, కొందరు ముళ్ల జంతువు అని అనువదించారు. నేటి ఇశ్రాయేలులో మాత్రం ఏ పిల్లవాణ్ణి అడిగినా కిప్పోద్ అంటే ముళ్లెలుకనే చూపిస్తాడు. పండితులకే ఇంత తికమక ఉన్నప్పుడు నా తప్పు పెద్దది కాదని కొంచెం ఓదార్చుకున్నాను.

ఆ పుస్తకం ఇంగ్లాండుది. అక్కడ చలికాలమంతా ముళ్లెలుక నిద్రపోతుంది. ఆకులు రాలే కాలంలో కడుపునిండా తిని ఒళ్లు చేసి, ఆకుల కుప్పలోనో కట్టెల క్రిందనో గూడు చేసుకుంటుంది. అందుకే ఆ దేశస్థులు అక్టోబరు నెలలో పెరటి మూలన ఆకులు ఊడ్వకుండా వదిలేస్తారు. నవంబరు 5న అక్కడ మంటలు వేసే పండుగ ఒకటుంది. అంటించే ముందు కట్టెల కుప్పను కదిపి, లోపల ఏదీ పడుకోలేదని చూసుకోమని ఒకరికొకరు చెప్పుకుంటారు. రాత్రికి కిలోమీటరో రెండు కిలోమీటర్లో తిరిగే జంతువు గనుక, ఇంటికీ ఇంటికీ మధ్యనున్న కంచె అడుగున 13 సెంటీమీటర్ల చదరపు కంత ఒకటి ఉంచమని 2011లో ఒక ఉద్యమమే మొదలుపెట్టారు. ఇంత చేసినా ఐరోపాలో వీటి సంఖ్య తగ్గుతూనే వచ్చి, 2024లో వీటిని ముప్పుకు చేరువైన జాతుల పట్టికలో చేర్చవలసి వచ్చింది.

మన దక్షిణాదికి కూడా స్వంత ముళ్లెలుక ఉంది. తమిళనాడు, కేరళ, ఆంధ్రప్రదేశ్‌లలో పొడి నేలల్లో, ముళ్లపొదల మధ్య బ్రతుకుతుంది. మద్రాసు ముళ్లెలుక అని దాని పేరు. 1851లోనే శాస్త్రజ్ఞులు దానిని వర్ణించారు. తమిళనాట పల్లెల్లో దాని ముళ్లను కాల్చి తేనెతో కలిపి దగ్గుకు మందని ఇచ్చే అలవాటు ఉండడంవల్ల పాపం చాలా చచ్చాయి. ఏమైనా అది అమీర్‌పేట, పంజాగుట్టల నడుమనున్న మా శ్రీనగర్ కాలనీకి వచ్చేది కాదు. పాపకు అదే చెప్పాలనుకున్నాను.

అయితే మా పెరటికి వచ్చే చుట్టం ఒకటుంది. అది ముళ్లెలుకకు నిజంగానే బంధువు.

మేముండేది ఒక పాత ఇంటి వెనుక వాటా. చుట్టూ అపార్టుమెంట్లు లేచినా ఈ ఇంటికి కొంత పెరడు మిగిలింది. ఒక జామచెట్టు, ఒక కరివేపాకు, నల్లా గుంట, గోడ అడుగున వాననీరు పోయే తూము ఉన్నాయి. వర్షాలు వెనుకబట్టే రోజుల్లో, రాత్రి తొమ్మిది దాటాక, గోడవారనే కిచకిచమంటూ ఒకటి పరుగెత్తుతుంది. మూతి ముందుకు సాగి ఉంటుంది, కళ్లు ఉన్నాయో లేవో తెలియదు, దగ్గరికి వెళితే ఒక విధమైన కంపు. అదే చుంచెలుక. మీ ఇళ్లలోనూ తప్పక చూసి ఉంటారు.

చుంచును మనం ఎలుకల్లో కలిపేశాం. 1766లో దానికి శాస్త్రీయనామం పెట్టిన లిన్నేయస్ కూడా ఎలుకవంటిది అనే అర్థమిచ్చే మాటనే వాడాడు. నిజానికి ముళ్లెలుక, చుంచు ఒకే క్రమానికి చెందినవి. ఎలుకకు ఉలివంటి ముందు పళ్లుంటాయి. గోనెసంచి, తలుపు చెక్క, కరెంటు తీగ ఏదైనా కొరుకుతుంది. చుంచుకు సూదిలాంటి చిన్న పళ్లు. బొద్దింకలు, చీమలు, చెదలు, వానపాములు దాని తిండి. ముందు కాలు చూస్తే ఎలుకకు నాలుగు వేళ్లు, చుంచుకు ఐదు. కిప్లింగ్ 1894లో అచ్చువేసిన జంగిల్ బుక్‌లో ముంగిస కథ ఒకటుంది. అందులో గది నడుమకు రావడానికి ధైర్యం చాలక గోడవారనే తిరిగే పిరికి పాత్ర మన చుంచే. చైనావారు మాత్రం దాని కిచకిచ డబ్బుల గలగలలా వినిపిస్తుందని దానికి డబ్బు ఎలుక అని పేరుపెట్టుకున్నారు. మనం చీపురు తీసుకుంటాం.

చీపురే కాదు, నేను అంతకంటె పెద్ద పనే చేశాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి.

పాప పుస్తకం చూపించడానికి ఏడాది ముందు మా వంటగదిలో రాత్రిళ్లు చప్పుళ్లు ఎక్కువయ్యాయి. బియ్యం డబ్బా వెనుక ఏదో తిరుగుతున్నదని నా భార్య చెప్పింది. నేను కిరాణా కొట్టుకు వెళ్లి నీలిరంగు మందు బిళ్లలు తెచ్చి నల్లా గుంట దగ్గర, తూము దగ్గర పెట్టాను. ఎదురింటి వాచ్‌మన్ పెద్దాయన అది చూసి, "అయ్యగారూ, గక్కడ తిరిగేది ఎల్క కాదు, సుంచు. పిల్లి గూడ చంపి ఇడుస్తది గాని తినది. దానికెందుకు మందు?" అన్నాడు. ఆయన పాలమూరు జిల్లావాడు, ఇరవై ఏళ్లు సేద్యం చేసి పట్నానికి వచ్చినవాడు. నేను నవ్వి ఊరుకున్నాను. చదువుకున్నవాణ్ణి గదా!

నాలుగో రోజున రెండు చుంచులు, ఒక ఎలుక చచ్చి కనబడ్డాయి. వారం తిరిగేసరికి, రోజూ ఉదయం ఏడింటికి తూములోనుండి వచ్చి జామచెట్టు క్రింద తిరిగి వెళ్లే ముంగిస అదే తూము ముందు పడి ఉంది. ముక్కునుండి రక్తం కారి ఎండింది. మా చిన్నవాడు దానికోసం బడికి వెళ్లేముందు కిటికీ దగ్గర నిలబడేవాడు. వాడికి చూపించకుండా పాతిపెట్టాను గాని ఆ మరునాడు కిటికీ దగ్గర నిలబడి "ఇంకా రాలేదేంటి నాన్నా?" అని అడిగాడు.

ఆ బిళ్లల్లో ఉండే బ్రోమాడియోలోన్ అనే మందు రక్తం గడ్డకట్టనివ్వదు. తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది, సులభంగా దొరుకుతుంది. దానిని తిన్న ముంగిసకు, గుడ్లగూబకు, పిల్లికి ఆ విషం ఎక్కుతుంది. మా ముంగిస అందుకే చచ్చిందని నేను ప్రమాణం చేయలేను. కాదని కూడా చెప్పలేను. ముంగిసను చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, దాని వెంట్రుకలతో చేసిన కుంచెలు అమ్మడం కూడా. నేను చంపుదామని చంపలేదు, నిజమే. వాచ్‌మన్ మాట విని ఉంటే మాత్రం అది బ్రతికేది.

అదే సమయంలో ఇంటి యజమాని పెరడంతా సిమెంటు చేయించి కారు పెట్టుకోవాలనీ, తూముకు ఇనుప జల్లెడ కొట్టించాలనీ అన్నారు. ఇల్లు ఆయనది, అద్దెకున్నవాళ్లం మేము. ఏమని అడగగలం? చివరకు 2020 అక్టోబరు 13 రాత్రి మాట గుర్తు చేశాను. ఆ రాత్రి హైదరాబాదును ముంచెత్తిన వానకు ముందు వాకిలి సిమెంటు గనుక నీళ్లు ఆయన గడప దాకా వచ్చాయి. వెనుక పెరట్లో మాత్రం మట్టి త్రాగేసింది. ఆయన చాలాసేపు ఆలోచించి, సగం సిమెంటు, సగం మట్టి అన్నారు. జామచెట్టు వైపు సగం మాకు దక్కింది. జల్లెడ సంగతి మరలా ఎత్తలేదు.

ఇక పాప అడిగిన ఆకుల కుప్ప సంగతి. ఇంగ్లాండు పుస్తకం చెప్పినట్లు ఇంటిగోడకు ఆనించి ఆకులు, కట్టెలు పోయమని నేను మీకు చెప్పను. అక్కడ దాని క్రింద ముళ్లెలుక పడుకుంటుంది. ఇక్కడ కట్లపామో రక్తపింజరో పడుకోవచ్చు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటువల్ల చనిపోయారని 2020లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. వారిలో అత్యధికులు పల్లెవాళ్లే, అందులోనూ వానాకాలంలోనే ఎక్కువ. మన సంఘాల్లో ఆ దుఃఖం చూడని సంఘం బహుశా ఉండదు. కాబట్టి కుప్ప ఇంటికి ఎంత దూరమైతే అంత మంచిది. పెరటి చివరి మూలన, పిల్లలు ఆడని చోట ఉండాలి. గడ్డివాము, పిడకల కుప్ప, కట్టెల మోపు ఉన్న ఇళ్లకు కూడా ఇదే మాట. చేయి పెట్టేముందు కర్రతో కదపండి. రాత్రి బయటికి వెళితే టార్చిలైటు పట్టుకోండి. నేలమీద పడుకునేవారు దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపుకోవాలి. కాటు పడితే మంత్రం, పసరు అని గంటలు పోగొట్టక, విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి.

పామును ఇంటికి రప్పించేది చుంచు కంటె ఎక్కువగా ఎలుకే, ఎలుకను రప్పించేది మన మూతలేని ధాన్యం. నేను బిళ్లలు మానేసి బియ్యానికి బిగువైన మూత డబ్బా, గోధుమలకు రేకు డ్రమ్ము కొన్నాను. వంటగది తలుపు క్రింద సందుకు రబ్బరు పట్టీ కొట్టించాను. రాత్రి ఎంగిలి పళ్లేలు కడిగే పడుకుంటున్నాం (ఇది నా భార్య పెట్టిన నియమం, కడిగేది నేను). ఎలుక పడితే పంజరం బోను ఉంది. జిగురు అట్టలు మాత్రం వద్దు. వాటిలో ఎలుకకంటె ముందు గోడవార పరుగెత్తే చుంచు, బల్లి అంటుకుంటాయి. చావు కూడా మంచిది కాదు, గంటల తరబడి. చుంచు శుభ్రమైన జంతువని నేననను. ఇంట్లో తిరిగే ఏ జంతువుకైనా గోమార్లు ఉంటాయి. అది తిరిగిన పాత్ర కడగాలి, చచ్చినదానిని చేతితో ముట్టరాదు. పెరట్లో ఉంటే చాలు, మంచం క్రింద ఉండనవసరం లేదు.

ఒక గ్రామ కూడికలో ఈ సంగతులు చెబుతుంటే ఒక అక్క లేచి, "మీ ముంగిస మంచిదే అయ్యగారూ, మా కోడిపిల్లలు ఆరింటిని ఎవరిస్తారు?" అని అడిగింది. అందరూ నవ్వారు గాని ఆమె నవ్వలేదు. ఆరు పిల్లలంటే ఆమెకు పండుగ ఖర్చు. ముంగిస పగలు తిరిగే జంతువు. పిల్లలు చిన్నవిగా ఉన్న మొదటి వారాల్లో తల్లికోడిని గంప క్రిందనో వలకట్టిన చోటనో ఉంచి మేపడం తప్ప నాకు వేరే ఉపాయం తోచలేదు. అదే చెప్పాను. ఆమె సంతృప్తి పడినట్లు కనబడలేదు.

ఇప్పుడు జామచెట్టు క్రింద, మట్టి మిగిలిన మూలన, ఆకులు ఊడ్వడం మానేశాం. ప్రక్కన వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు. దోమలు గ్రుడ్లు పెట్టకుండా వాటిని రోజూ ఒంపి మార్చడం మా చిన్నవాడి పని. వెనుకవైపు దీపం పదింటికి ఆర్పేస్తాం. మొదట వచ్చినది ఒక గోదురుకప్ప. మూకుడులోనే కూర్చుండిపోయి, నీళ్లు మార్చనివ్వక రెండు రోజులు విసిగించింది. తరువాత ఉడుతలు వచ్చాయి. బంజారాహిల్స్ అవతల కె.బి.ఆర్. పార్కులో ముంగిసలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఎప్పుడైనా ఇటు వస్తుందేమోనని వాడు ఇప్పటికీ ఉదయం ఏడింటికి కిటికీ దగ్గర నిలబడుతున్నాడు. ఇంకా రాలేదు.

పుస్తకం తెచ్చిన పాపను ఒక శనివారం రాత్రి వాళ్ల అమ్మానాన్నలతో భోజనానికి పిలిచాం. దీపం ఆర్పి అందరం వెనుక మెట్లమీద కూర్చున్నాం. చాలాసేపటికి తూము దగ్గర కిచకిచ వినబడింది. చుంచు బయటికి వచ్చింది, ఒంటరిగా కాదు. దాని తోక దగ్గర ఒక పిల్ల పట్టుకొని ఉంది, ఆ పిల్ల వెనుక మరొకటి, దాని వెనుక ఇంకొకటి, మొత్తం నాలుగు, పంటితో ఒకదానినొకటి పట్టుకొని గోడవార వరుసగా సాగిపోతున్నాయి. చుంచు పిల్లలు అలాగే నడుస్తాయని చదివానే గాని అంతకుముందు నేనూ చూడలేదు. ఆకుల్లో దూరేవరకు ఎవరూ మాట్లాడలేదు.

పాప నా చెవి దగ్గరికి వంగి, "అంకుల్, దీనికి ముళ్లు లేవుగా, మరి పిల్లి వస్తే ఏం చేస్తుంది?" అని గుసగుసగా అడిగింది.

"కంపు కొడుతుంది" అన్నాను.

నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో నోరు మూసుకుంది.