చీటీలో వివరంగా రాయండి

మన ధర్మపురి పిల్లలు సాఫ్ట్‌వేర్ పనులకు బెంగళూరు వెళ్తుంటారు. ఈ మాట వాళ్ళ కోసం.

ప్రోగ్రాం నడవాలంటే ఇతరులు రాసిన ప్యాకేజీలు ఎన్నో కావాలి. అన్నిటినీ కలిపి ఒకే పెట్టెలో సర్దేదే కంటైనర్. 2013లో వచ్చిన డాకర్‌తో దీని వాడుక బాగా పెరిగింది. అయితే పెట్టె ఉంది కదా అని నిశ్చింతగా ఉండరాదు. పెళ్ళి సామాన్ల చీటీలో ఉత్త 'పప్పు' అని రాస్తే ఏ పప్పయినా రావచ్చు. అలాగే వెర్షన్ రాయకపోతే, పెట్టె మళ్ళీ కట్టినప్పుడు కొత్త సరుకు దిగి, నిన్న నడిచింది నేడు ఆగిపోవచ్చు. అందుకే ఖచ్చితమైన వెర్షన్లను లాక్‌ఫైలులో ఉంచి, కోడ్‌తోపాటు భద్రపరచండి.

చీటీ ఉన్నా అంగడిలో సరుకుండాలి కదా! 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత తొలగిస్తే ఎన్నో ప్రాజెక్టులు ఆగాయి. కనుక ముఖ్యమైన ప్యాకేజీల నకళ్ళు మీ దగ్గరా ఉంచుకోండి.