తంగేడా? కసిందా? కోసే ముందు గుర్తించండి

గత కార్తీకంలో పటమట నుండి ఒక గృహిణి నా వైద్యశాలకు వచ్చారు. భర్తకు మధుమేహం. తంగేడు పూల కషాయం మంచిదని ఎవరో చెప్పగా, బందరు కాలువ గట్టున పసుపుపచ్చని పూలు చూచి, కొమ్మలను కాయలతో సహా విరిచి ఇంటికి తెచ్చుకొన్నారు. "డాక్టరుగారూ, రోజుకు ఎన్ని పూలు వేయమంటారు?" అని అడిగారు. సంచి విప్పి చూస్తే అది తంగేడు కాదు, కసింద! ఎండుకాయలు గలగలలాడుతున్నాయని నాలుగేళ్ళ మనుమడు వాటితో ఆడుకొంటున్నాడని కూడా చెప్పారు. నా గుండె ఝల్లుమన్నది.

రెండింటివీ అయిదు రేకుల పసుపు పూలే. గురుకులంలో ఉన్నప్పుడు మా గురువుగారు మమ్ములను కొండపల్లి కొండలలో మూలికల వెంట త్రిప్పుతూ, "పువ్వును చూచి మోసపోకండి. ఆకును, కాయను, వాసనను అడగండి" అనేవారు. ఆ మాట ప్రకారమే పరీక్షిద్దాం.

తంగేడు (సంస్కృతంలో ఆవర్తకి) మెట్టనేలలలో, కొండవాలులలో పెరిగే గుబురు పొద. ఒక్కొక్క ఈనెకు 8 నుండి 12 జతల చిట్టి ఆకులు. వాటి కొనలు మొండిగా ఉంటాయి. ప్రతి జత నడుమ నిక్కిన చిన్న గ్రంథి కనిపిస్తుంది. ఆకు మొదట చెవితమ్మెల వంటి రెండు పెద్ద పుచ్ఛాలు ఉంటాయి. శాస్త్రీయ నామంలోని ‘ఆరిక్యులేటా’ అనే మాటకు చెవుల వంటివి గలదని అర్థం. కాయ కాగితంలా పలుచగా, బల్లపరుపుగా ఉంటుంది.

కసింద (కాసమర్దం) వానలకు గట్ల వెంట, బీళ్ళలో మొలుస్తుంది. చిట్టి ఆకులు 3 నుండి 6 జతలే. కొనలు వాడిగా ఉంటాయి. ఆకుకాడ మొదట ఒకే గ్రంథి. నలిపితే దుర్గంధం. కాయ సన్నగా, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది.

కసింద ఆకును వైద్యులు దగ్గుకు వాడే మాట నిజమే. కాని గింజలు పసిపిల్లలకు ప్రాణాంతకం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో మెదడువాపుగా భావించిన పిల్లల మరణాలకు ఈ గింజలే కారణమని 2007లో వైద్యులు ప్రకటించారు. ఆ విషం కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తుంది.

ఆ బాలుడు గింజలు నోట పెట్టలేదు, అది దైవకృప. పిల్లలు తిన్నారని అనుమానం కలిగితే ఇంటివైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఇక నిజమైన తంగేడే దొరికినా, మధుమేహ రోగులు వాడుతున్న మందులు మానక, వైద్యుని సలహాతోనే సేవించాలి.