కూలంట్ రంగు చూసి పాత ట్రక్కు కొనవచ్చా?

డీజిల్ మండినప్పుడు పుట్టే వేడిలో కొంత భాగమే చక్రాలను తిప్పే శక్తిగా మారుతుంది. మిగిలిన దానిలో పెద్ద వాటా పొగగొట్టం గుండా, కూలంట్ గుండా బయటికి పోతుంది. కూలంట్ అంటే సాధారణంగా సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవం. ఈ మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ వరకు గడ్డకట్టదు, బిగించిన మూత కింద ఒత్తిడిలో ఉన్నంతకాలం 100 డిగ్రీలు దాటినా మరగదు. అయితే ఇంజిన్ లోపలి లోహాన్ని కాపాడేది ఈ రెండూ కావు, వాటిలో స్వల్పంగా కలిసి ఉండే తుప్పు నిరోధక రసాయనాలు. వాడిన డీజిల్ పికప్ కొనేవారు పొరబడేది ఎక్కువగా ఈ స్వల్ప భాగం దగ్గరే.

అమెరికాలో ఫోర్డ్ పికప్‌లకు 1994 నుంచి 2003 వరకు అమర్చిన 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజిన్‌ను గట్టి పిండమని మెకానిక్‌లు నేటికీ మెచ్చుకుంటారు. దానికీ ఒక గండం ఉంది: ప్రతి విస్ఫోటనానికీ సిలిండర్ గోడ కంపించగా, దాని వెలుపల కూలంట్‌లో సన్నని ఆవిరి బుడగలు పుట్టి, వెంటనే పగిలి, ఆ దెబ్బకు లోహాన్ని చిన్న చిన్న గుంటలుగా తొలుస్తాయి. కేవిటేషన్ అనే ఈ క్షయాన్ని అడ్డుకోవడానికి కూలంట్‌లో నైట్రైట్ వంటి అదనపు రసాయనం కలుపుతారు. అది వాడకంలో తరిగిపోతుంది గనుక పరీక్ష పట్టీ ముంచి చూసి మళ్ళీ కలపవలసి వస్తుంది.

దాని తరువాత 2003 నుంచి 2007 వరకు సూపర్ డ్యూటీ ట్రక్కులకు వచ్చిన 6.0 లీటర్ల ఇంజిన్‌ది వేరే కథ. నావిస్టార్ సంస్థ తయారుచేసిన ఈ ఇంజిన్‌లో ఆయిల్ కూలర్, అంటే కూలంట్ సాయంతో ఇంజిన్ ఆయిల్‌ను చల్లబరిచే పలుచని రేకుల దొంతర, రెండు సిలిండర్ వరుసల నడుమ లోయలో ఇమిడి ఉంటుంది. పోతపోసినప్పుడు మిగిలిన ఇసుక, పాతబడిన కూలంట్ నుంచి విడివడి జిగురుగా పేరుకున్న సిలికేట్ కలిసి ఆ రేకుల మధ్య ఇరుకు దారులను మూసివేస్తాయి. ఆయిల్ కూలర్ దాటిన కూలంటే తరువాత ఇ.జి.ఆర్. కూలర్‌కు, అంటే తిరిగి ఇంజిన్‌లోకి పంపే పొగను చల్లబరిచే భాగానికి చేరాలి గనుక, మొదటిది పూడుకుపోతే రెండవదానికి ద్రవం అందక, అక్కడి కొద్దిపాటి కూలంట్ మరిగి, చివరకు ఆ కూలర్ చిట్లుతుంది. అప్పుడు కూలంట్ ఇంజిన్‌లోకి పోయి పొగగొట్టం నుంచి తెల్లని పొగ వస్తుంది, కూలంట్ ట్యాంకు మూత చుట్టూ తెల్లని మరక కడుతుంది, సిలిండర్‌కు నాలుగే బోల్టులున్న హెడ్ గ్యాస్కెట్ మీద భారం పెరుగుతుంది. చిట్లిన ఇ.జి.ఆర్. కూలర్‌ను మాత్రమే మార్చి మూలకారణమైన ఆయిల్ కూలర్‌ను వదిలేయడం ఈ మరమ్మతులో అతి ఖరీదైన పొదుపు.

అందుకే చాలామంది యజమానులు ఫ్యాక్టరీలో పోసిన బంగారు రంగు కూలంట్ తీసివేసి, క్యాటర్‌పిల్లర్ ఇసి-1 ప్రమాణానికి సరితూగే, సిలికేట్ లేని దీర్ఘకాలిక రకానికి మారతారు. రంగు అద్దకమే తప్ప రసాయనానికి గుర్తు కాదు గనుక డబ్బా మీది ప్రమాణమే చదవాలి. పాతదాన్ని పూర్తిగా కడగకుండా కొత్తది పోస్తే రెండు రకాల నిరోధకాలూ కలగాపులగమవుతాయి. కలిపే నీరు డిస్టిల్డ్ వాటర్ కావాలి. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోసే మన అలవాటు, ఆ నీటిలోని సున్నం పొరకట్టడం వల్ల, ఇక్కడి బండ్లకూ మంచిది కాదు.

కొనబోయే 6.0 ట్రక్కును పూర్తిగా వేడెక్కనిచ్చి, చదునైన రహదారి మీద నిలకడైన వేగంతో నడుపుతూ, స్కానర్‌లో ఆయిల్, కూలంట్ ఉష్ణోగ్రతలను పక్కపక్కన చూడాలి. డ్యాష్‌బోర్డు ముల్లు ఈ తేడాను చూపదు. ఆయిల్ వేడి కూలంట్ కంటే 15 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 8 సెల్సియస్ డిగ్రీలు మించి ఉంటే ఆయిల్ కూలర్ పూడుకుపోతున్నట్టే. పేరుకున్న ఆ జిగురు కడిగినంత మాత్రాన సాధారణంగా వదలదు. ఆయిల్ కూలర్‌ను మార్చాలంటే పైనున్న ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను ఊడదీయాలి కాబట్టి ఆ కూలీని, రెండు కూలర్ల ధరను బేరంలోనే తగ్గించుకోవాలి.