దూరాన నిలిచి చేరువైన సేవ

అంటువ్యాధులు ప్రబలినప్పుడు యువజనులు సేవకు నడుం కట్టడం మన దేశానికి కొత్త కాదు. 1899లో కలకత్తాలో ప్లేగు వ్యాపించినప్పుడు సోదరి నివేదిత పిలుపునందుకొని విద్యార్థులు పారిశుద్ధ్య సేవకు ముందుకు వచ్చారు. స్వతంత్ర భారతదేశంలో విద్యార్థుల సేవాభావానికి స్థిరమైన రూపమిచ్చిన వాటిలో ముఖ్యమైనది జాతీయ సేవా పథకం. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో ఇది ఆరంభమైంది. ‘నేను కాదు, నీవు’ అన్నది దీని ఆదర్శం.

ఈ పథకంలో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు సేవ చేయాలి. దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. పల్లెకు వెళ్లడం, ప్రజలతో కలిసి పనిచేయడం దీని పద్ధతి. కోవిడ్ మహమ్మారి ఆ పద్ధతికే అడ్డు నిలిచింది. 2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలైంది. పదిమందిని కూడగట్టడమే తొలిమెట్టుగా గల సంస్థకు, పదిమంది కూడడమే ప్రమాదమైంది. సేవ చేయబోయినవాడే తెలియక వ్యాధిని మోసుకుపోయే భయం ఏర్పడింది.

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతాన్ని పరిశీలిస్తే ఈ చిక్కు ఎంతటిదో బోధపడుతుంది. ఆదోని పత్తి వ్యాపారానికి పేరుగన్న పట్టణం. ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పినది అక్కడే. కరవు పీడించే చుట్టుపక్కల పల్లెల నుండి అనేక కుటుంబాలు గుంటూరు మిరప చేలకు వలస పోతుంటాయి. మార్కెట్టు, మగ్గం, వలస - ఈ మూడు జీవనాధారాలూ మనుషుల రాకపోకలతో ముడిపడినవే. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో కేసులు అధికంగా నమోదైన జిల్లాలలో కర్నూలు ఒకటి. పైగా తెలుగు, కన్నడం, ఉర్దూ మాట్లాడేవారు కలిసి నివసించే ఈ సీమలో ఒకే భాషలోని కరపత్రం అందరికీ అర్థం కాదు.

ఇటువంటి పరిస్థితులలో సేవా పథకం దేశమంతటా తన తీరును మూడు విధాలుగా మార్చుకొంది. మొదటిది శిక్షణ. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం వైద్య సిబ్బందితోపాటు వలంటీర్లకు కూడా ఆన్‌లైన్ పాఠాలను అందుబాటులోకి తెచ్చింది. రెండవది స్థలం. ఇల్లే సేవాకేంద్రమైంది. విద్యార్థులు ఇంటివద్దనే గుడ్డ మాస్కులు కుట్టారు; ఫోను ద్వారా జాగ్రత్తలు తెలియజేశారు. మూడవది క్రమశిక్షణ. ఆహార పంపిణీ వంటి పనులను అధికారుల ఆధ్వర్యంలో, దూరం పాటిస్తూ నిర్వహించారు. సోదర సంస్థయైన ఎన్.సి.సి. కూడా ‘యోగదాన్’ కార్యక్రమంలో 18 ఏళ్లు నిండిన సీనియర్ క్యాడెట్లనే నియోగించింది. ఉత్సాహం ఎంత ఉన్నా, భద్రతను విస్మరించరాదన్నది ఇందలి నీతి.

అయితే ఈ మార్పుకు పరిమితులు లేకపోలేదు. స్మార్ట్‌ఫోను లేని ఇంటికి ఆన్‌లైన్ సందేశం చేరదు. అక్షరం రాని వృద్ధురాలికి తెరపై కనిపించే సూచన ఉపయోగపడదు. సాధారణంగా సహాయం అత్యవసరమైనది ఇటువంటివారికే. వారి విషయంలో యంత్రం కంటె అదే వీధిలో నివసించే విద్యార్థి మేలు. గడప బయట నిలిచి, వారి భాషలో నాలుగు మాటలు చెప్పగలవాడు అతడే.

ఆపదకాలంలో సేవాసంస్థ మార్చుకోవలసినది మార్గాన్నే గాని లక్ష్యాన్ని కాదు. చేరువగా వెళ్లడం సేవయైన రోజులున్నట్లే, దూరంగా నిలవడం సేవయైన రోజులూ ఉంటాయి. ఆ రెండింటి నడుమ భేదమెరిగి ప్రవర్తించడమే వివేకం. వివేకం తోడైన సేవాభావమే సమాజానికి రక్ష.