నెత్తురు కంటె బూటు

'యానిమల్' హిందీ చిత్రం 2023 డిసెంబరు 1న తెలుగులోనూ విడుదలైంది. దర్శకుడు సందీప్ రెడ్డి వంగా మన వరంగల్లువాడే. ఇందులో నెత్తురు ఏరులై పారుతుంది. కాని విమర్శకులలో చాలమందికి అంతకంటె బాధ కలిగించినది, ప్రేమను రుజువు చేయడానికి తన బూటు నాకమని కథానాయకుడు ఒక స్త్రీని అడిగే ఘట్టం. నటనను మెచ్చినవారూ ఉన్నారు. ఆ నెలలోనే రంజీత్ రంజన్ అనే సభ్యురాలు, తన కుమార్తె ఏడుస్తూ సగంలోనే హాలు నుండి లేచి వచ్చిందని రాజ్యసభలో చెప్పారు. వసూళ్లు మాత్రం వందల కోట్లు దాటాయి!

తలిదండ్రులారా, దీనికిచ్చినది 'ఎ' సర్టిఫికెట్టు. అంటే పద్దెనిమిదేండ్లు నిండినవారికే. హాలులోనైతే టిక్కెట్టు చింపేవాడైనా పిల్లలను ఆపవచ్చును. 2024 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ ద్వారా అది ఫోనులోనికే వచ్చింది. మీ అబ్బాయి చూచే ఉండవచ్చు. కోపపడక, ఆ బూటు ఘట్టం గురించి ఏమనుకొన్నాడో అడగండి.