పరదేశములో క్రీడా శిక్షకుడు: మిషనరీ పరిచర్యలో ఓర్పు, విశ్వాసము

ఉపోద్ఘాతము

మిషనరీ అనగానే మన మనస్సులో మెదిలేది బైబిలు చేతపట్టిన బోధకుడు, లేదా వైద్యుడు, లేదా పాఠశాల స్థాపించిన ఉపాధ్యాయుడు. మెడలో ఈల వేసుకొని మైదానములో పిల్లల వెంట పరుగెత్తే వ్యక్తిని మిషనరీగా అంగీకరించుటకు మన సంఘములు ఇప్పటికీ కొంత తటపటాయిస్తాయి. "ఇన్నేళ్ళలో ఎందరు బాప్తిస్మము పొందారు?" అని పంపినవారు అడుగుతారు. "ఇన్నేళ్ళలో ఎన్ని పోటీలు గెలిచారు?" అని చేర్చుకొన్న పాఠశాలవారు అడుగుతారు. రెండు ప్రశ్నలకూ సరియైన లెక్క చెప్పలేని శిక్షకుడు పరాయి దేశములో ఒంటరిగా కృంగిపోయే ప్రమాదమున్నది.

అట్టివానికి ఓర్పు ఎలా కలుగుతుంది? విశ్వాసము ఎలా నిలుస్తుంది? ఈ ప్రశ్నలను వాక్యపు వెలుగులోను, ఇద్దరు క్రీడా మిషనరీల జీవితముల ఆధారముగాను ఈ వ్యాసములో పరిశీలించదలచాము.

1. వాక్యములో ఓర్పు

క్రొత్త నిబంధన గ్రీకు భాషలో ఓర్పుకు ముఖ్యముగా రెండు పదములున్నవి. మొదటిది 'హుపొమొనె'. బరువు క్రింద తొలగిపోక నిలిచియుండుట అని దీని భావము. హెబ్రీ 12:1లో పరుగుపందెము గూర్చి చెప్పినప్పుడు వాడిన పదమిదే. రెండవది 'మక్రోతుమియ'. త్వరగా కోపపడని పెద్ద మనస్సు అని దీని భావము. గలతీ 5:22లో ఆత్మ ఫలములలో ఒకటిగా చెప్పబడిన దీర్ఘశాంతము ఇదే. మొదటిది కష్టపరిస్థితులలో చూపే ఓర్పు అనీ, రెండవది మనుష్యుల పట్ల చూపే ఓర్పు అనీ వ్యాఖ్యాతలు సాధారణముగా వివరిస్తారు. అయితే ఈ విభజన గట్టి గోడ కాదు. యాకోబు 5:7లో వర్షము కొరకు కనిపెట్టే వ్యవసాయకుని గూర్చి చెప్పునప్పుడు రెండవ పదమునకు చెందిన క్రియనే వాడారు. కొలొస్సయి 1:11లో రెండు పదములూ ప్రక్కప్రక్కనే ఉన్నవి.

క్రీడా శిక్షకునికి ఈ రెండూ కావాలి. భాష రాని ఊరు, మారే ప్రభుత్వములు, సామగ్రి లేని మైదానము మొదటి ఓర్పును పరీక్షిస్తాయి. చెప్పిన మాట పదిసార్లు మరచిపోయే బాలుడు రెండవ ఓర్పును పరీక్షిస్తాడు.

2. టియెన్‌సిన్‌లో ఎరిక్ లిడెల్

ఎరిక్ లిడెల్ 1902లో చైనాలోని టియెన్‌సిన్ (నేటి తియాంజిన్) పట్టణములో స్కాట్లండు మిషనరీ దంపతులకు జన్మించారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ప్రాథమిక పరుగులు ఆదివారమున జరుగునని ముందుగానే తెలిసికొని ఆ పందెమును విడిచిపెట్టారు. 400 మీటర్ల పందెమును 47.6 సెకన్లలో ముగించి స్వర్ణ పతకము పొందారు. 1981లో వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' చలనచిత్రము వలన ఈ కథ లోకమంతటికీ తెలిసినది. దాని తరువాతి ఇరువది సంవత్సరముల కథ అంతగా తెలియదు.

1925లో ఆయన టియెన్‌సిన్‌లోని ఆంగ్లో-చైనీస్ కళాశాలకు ఉపాధ్యాయునిగా వెళ్ళారు. సామాన్య శాస్త్రము బోధించుట, విద్యార్థులకు ఆటలు నేర్పుట ఆయన పని. ఆ సమయము ఎటువంటిదో గమనించాలి. ఆ యేడు మే 30న షాంఘైలో విదేశీ అధికారము క్రిందనున్న పోలీసులు ప్రదర్శకులపై కాల్పులు జరిపారు. దానితో విదేశీయులపై చైనా అంతటా ఆగ్రహము చెలరేగినది. క్రైస్తవ పాఠశాలలు కూడ ఆ ఆగ్రహమునకు గురియైనవి. ఒలింపిక్ విజేత అన్న కీర్తి అక్కడ ఆయన విదేశీ ముఖమును కప్పలేదు. చిన్ననాడు విన్న భాషను మరల నేర్చుకొనవలసి వచ్చినది. పైగా చదువుకొన్నవాడు చెమటోడ్చి ఆడుట గౌరవము కాదన్న భావన పాత చైనా పండిత సంప్రదాయములో ఉండేది.

ఇట్టి చోట తొందరపడువాడు ఒక్క సంవత్సరము కూడ నిలువలేడు. లిడెల్ 1930ల చివరి వరకు, సెలవు కాలము మినహా, ఆ తరగతి గదిలోను, ఆ మైదానములోను పనిచేశారు. అటుపిమ్మట జపాను సైన్యము ఆక్రమించిన గ్రామ ప్రాంతములలో సేవకు వెళ్ళారు. కొద్ది సెకన్లు తగ్గించుటకు శ్రమించిన పరుగువాడు ఏండ్ల తరబడి వేచియుండుట నేర్చుకొన్నాడు.

3. వైషియన్ శిబిరము: ఆదివారపు ఈల

1941లో గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను ఆయన కెనడాకు పంపివేశారు. మూడవ కుమార్తెను ఆయన ఎన్నడూ చూడలేదు. 1943లో జపాను అధికారులు ఆయనను వైషియన్ నిర్బంధ శిబిరములో ఉంచారు. అక్కడ వెయ్యిమందికి పైగా విదేశీయులున్నారు. తలిదండ్రులకు దూరమైన మిషనరీ పిల్లలు అనేకులు వారిలో ఉన్నారు. లిడెల్ వారికి పాఠములు చెప్పేవారు, ఆటలు ఏర్పాటు చేసేవారు, విరిగిన హాకీ కర్రలను బాగుచేసేవారు. పిల్లలు ఆయనను ఎరిక్ అంకుల్ అని పిలిచేవారు.

మొదట అక్కడ కూడ ఆదివారము ఆటలుండవని ఆయన నిర్ణయించారు. ఏ పనీ లేని కుర్రవాళ్ళు ఒక ఆదివారము తమంతట తామే హాకీ ఆడుకొనగా, తీర్పు చెప్పేవారు లేక అది కొట్లాటగా మారినది. తరువాతి ఆదివారము లిడెల్ స్వయముగా రిఫరీగా మైదానములోనికి వచ్చారని తోటి నిర్బంధితులు జ్ఞాపకము చేసికొన్నారు.

ఇది విశ్వాసములో సడలింపు అని కొందరు అనవచ్చును. మేము అట్లు తలంచుటలేదు. పారిస్‌లో ఆయన నిష్ఠకు కలిగిన నష్టము ఆయనదే. వైషియన్‌లో అదే నిష్ఠకు మూల్యము చెల్లించవలసినవారు పిల్లలు. తన మనస్సాక్షి భారమును బలహీనుల భుజములపై మోపకూడదని ఆయన గ్రహించారు. విశ్రాంతి దినము మనుష్యుల కొరకే నియమింపబడెనన్న ప్రభువు బోధ (మార్కు 2:27) ఇక్కడ ఆచరణలోనికి వచ్చినది. పరిస్థితులను భరించే ఓర్పు ఆయనకు అప్పటికే ఉన్నది. మనుష్యుల కొరకు తన్ను తాను మార్చుకొనే దీర్ఘశాంతమును ఈ శిబిరము నేర్పినది.

1945 ఫిబ్రవరి 21న మెదడులో కణితి వలన తన 43వ యేట ఆయన ఆ శిబిరములోనే మరణించారు. ఆగస్టు 17న శిబిరమునకు విడుదల కలిగినది.

4. మద్రాసులో హ్యారీ క్రో బక్

ఇదే ఓర్పుకు మరియొక రూపము మనకు దగ్గరలోనే ఉన్నది. అమెరికా దేశస్థుడైన హ్యారీ క్రో బక్ వై.ఎం.సి.ఎ. పక్షమున మద్రాసుకు వచ్చి, 1920లో వ్యాయామ విద్యా శిక్షణాలయమును ప్రారంభించారు. లిడెల్ పరుగెత్తిన 1924 పారిస్ ఒలింపిక్స్‌కే బక్ భారత జట్టును వెంటబెట్టుకొని వెళ్ళారు. ఆ జట్టుకు ఒక్క పతకమూ రాలేదు. ఆయన తిరిగివచ్చి వ్యాయామోపాధ్యాయులను తయారుచేయుట కొనసాగించారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాష్ట్రములోనివే గనుక, మన డ్రిల్లు మాస్టర్ల పరంపరకు ఆ శిక్షణాలయముతో సంబంధమున్నది. 1943లో మరణించువరకు బక్ శ్రమ ఆ విద్య కొరకే సాగినది. నాటువాడొకడు, నీరు పోయువాడొకడు, వృద్ధి కలుగజేయువాడు దేవుడే అన్న 1 కొరింథీ 3:6 సత్యమునకు ఇది చక్కని ఉదాహరణ.

5. నేటి శిక్షకులకు

మన సంఘములనుండి ఇతర రాష్ట్రములకు, దేశములకు పరిచర్యకు వెళ్ళే యౌవనస్థులు ఈ క్రింది విషయములు ఆలోచించవలెనని కోరుచున్నాము.

మొదటిది, మొదటి సంవత్సరము నేర్చుకొనుటకే. పిల్లల పేర్లు సరిగా పలుకుట, వారి ఇండ్ల పరిస్థితి తెలిసికొనుట వ్యాయామము నేర్పుటకంటె ముందు రావాలి.

రెండవది, జట్టులో చోటు సువార్తకు ఎర కాకూడదు. ఎవరు ఆడాలో, ఎవరు బయట కూర్చోవాలో నిర్ణయించే అధికారము శిక్షకునిది. ప్రార్థనకు వచ్చినవానికే అవకాశమిస్తే, ఆ బాలుడు నేర్చుకొనేది విశ్వాసము కాదు, నటన. దేవుడు పనిచేయునని నమ్మిన శిక్షకునికి అట్టి ఒత్తిడి అవసరము లేదు.

మూడవది, పంపిన సంఘము కూడ ఓర్పు నేర్చుకోవాలి. నివేదికలో అంకెలు లేనంత మాత్రమున పరిచర్య లేదని తీర్మానించరాదు. ఓడిన జట్టుతో శిక్షకుడు ఎలా మాట్లాడాడో, అలిగి వెళ్ళిన బాలుని ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళాడో కూడ అడగాలి.

ముగింపు

హెబ్రీ పత్రికలో ఓపికతో పరుగెత్తుడని చెప్పే 12వ అధ్యాయమునకు ముందు 11వ అధ్యాయమున్నది. వాగ్దాన ఫలము అనుభవింపకయే మృతిపొందిన విశ్వాసుల వరుస అది. విడుదలకు ఆరు నెలల ముందు కన్నుమూసిన లిడెల్ కూడ ఆ వరుసలోని వారే. ఆయన బాగుచేసిన హాకీ కర్రలతో ఆడిన పిల్లలు శిబిరము గేటు దాటి బయటకు నడిచారు. తాను చూడని ఆ దినము కొరకు ఆయన వారిని సిద్ధపరచారు. పరదేశములో ఈల పట్టిన ప్రతి శిక్షకునికి దేవుడు అట్టి ఓర్పును, అట్టి విశ్వాసమును అనుగ్రహించును గాక.