40 మందితో విదేశీ యాత్ర: గోదావరిఖని నుంచి బయల్దేరే ముందు ఏమేం చూసుకోవాలి?

2025 నవంబరు 17 తెల్లవారుజామున మదీనాకు వెళ్తున్న ఒక బస్సు ఆయిల్ ట్యాంకర్‌ను ఢీకొని కాలిపోయింది. అందులో ఉన్నది హైదరాబాద్ నుంచి ఉమ్రాకు వెళ్లిన యాత్రికులు. నవంబరు 9న బయల్దేరిన ఆ బృందంలో మొత్తం 54 మంది. నలుగురు మక్కాలోనే ఉండిపోయారు, మరో నలుగురు కారులో వెళ్లారు, మిగతా 46 మంది బస్సెక్కారు. వారిలో ఒక్కరే బతికారు. ఆ ఉదయం ఇక్కడి కుటుంబాలు మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: మావాళ్లు బస్సులో ఉన్నారా, లేరా?

బృందంగా విదేశాలకు వెళ్లేటప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పే జాబితా ఎంత అవసరమో తెలిసేది ఇలాంటి రోజునే. రామగుండం, గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ వంటి బొగ్గుగని ప్రాంతాల్లో కూడా చర్చి సంఘాలు, మసీదు కమిటీలు, రిటైరైన కార్మికుల బృందాలు ఇలాంటి యాత్రల గురించి ఆలోచిస్తుంటాయి. జెరూసలేం కావచ్చు, ఉమ్రా కావచ్చు, నేపాల్‌లో సేవా కార్యక్రమం కావచ్చు. అందరూ ఒకే బస్సెక్కుతారు, ఒకే హోటల్‌లో దిగుతారు. అయితే పాస్‌పోర్ట్, వీసా, పన్ను, బీమా విషయాల్లో బృందం అనేదేమీ ఉండదు. అక్కడ ఉన్నది 40 మంది వేర్వేరు మనుషులు. నాయకుడు ఈ సంగతి మరిచిపోయిన దగ్గరే చాలా బృందాలు చిక్కుల్లో పడతాయి.

పేరు దగ్గరే సగం సమస్య

ముందుగా అందరి పాస్‌పోర్టులు తెప్పించి చూడండి. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా కనీసం ఆరు నెలల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. లేనివాళ్లు కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. మనకు దగ్గర్లో కరీంనగర్‌లో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. పెద్దవాళ్లకు 36 పేజీల పుస్తకానికి ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే అదనంగా 2,000. అరవై దాటినవారికి కొత్త పాస్‌పోర్టుపై 10 శాతం తగ్గింపు ఉంది.

సింగరేణి ఉద్యోగులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది, అంటే అది ప్రభుత్వ రంగ సంస్థ. కాబట్టి దరఖాస్తులో ఉద్యోగం దగ్గర 'ప్రైవేటు' అని పెట్టకూడదు. కంపెనీ ఇచ్చే నిరభ్యంతర పత్రం గానీ, 'నేను పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తున్నాను' అని కంపెనీకి ముందుగా రాసిచ్చిన లేఖ కాపీ గానీ జత చేయాలి. రెండోదాన్ని ప్రయర్ ఇంటిమేషన్ లెటర్ అంటారు. నిరభ్యంతర పత్రం కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్లలో చాలామందికి ఈ రెండో దారి ఉందని తెలియదు. ఏది జత చేసినా అది పాస్‌పోర్టు కోసమే. విదేశానికి వెళ్లడానికి సెలవు మంజూరు వేరే పని. దాన్ని మీ ఏరియా పర్సనల్ విభాగంలో రాతపూర్వకంగా తేల్చుకోండి.

అసలు చిక్కు పేర్లతో వస్తుంది. సింగరేణిలో మారుపేర్ల వ్యవహారం తెలియనివారు లేరు. వేరొకరి పేరుతో ఉద్యోగంలో చేరి, దశాబ్దాలపాటు ఆ పేరుతోనే మస్టర్ పడినవాళ్లు ఉన్నారు. కంపెనీ రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. పుట్టిన తేదీలదీ అదే కథ. ఇలాంటివారు యాత్ర తేదీ ఖరారయ్యాక సవరణ మొదలుపెడితే సమయం సరిపోదు. రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినవాళ్ల ఆధార్‌లో పాత క్వార్టర్ నంబరే ఉంటే పోలీసు విచారణ అక్కడికి వెళ్తుంది, మనిషి దొరకడు. కాబట్టి ముందు ఆధార్ సరిచేసుకుని, తర్వాత పాస్‌పోర్టుకు వెళ్లండి.

మరో చిన్న విషయం. పెద్ద వయసు ఆడవాళ్లలో కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒక్క పేరే కనిపిస్తుంది. ఇలా ఒకే పేరున్న పాస్‌పోర్టులపై సందర్శక వీసాలతో వచ్చేవారిని అనుమతించబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. దారిలో దుబాయ్‌లో రెండు రోజులు ఆగి చూసి వద్దాం అనుకునే బృందాలు ఈ నిబంధనను ముందే సరిచూసుకోవాలి. ఇంటిపేరు చేర్పించాలంటే పాస్‌పోర్టును మళ్లీ జారీ చేయించుకోవాల్సిందే.

పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు ఈసీఆర్ కోవలోకి వస్తుంది. యాభై ఏళ్లు దాటినవారికి, ఆదాయపన్ను కట్టేవారికి మినహాయింపు ఉంది. సౌదీ, జోర్డాన్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేటప్పుడే దానికి క్లియరెన్స్ కావాలి. తీర్థయాత్రకు అక్కర్లేదు. కానీ ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి విజిట్ వీసాపై వెళ్లి గల్ఫ్‌లో పనికి కుదిరినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, ఇమిగ్రేషన్ అధికారి రెండు ప్రశ్నలు ఎక్కువ అడగవచ్చు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు ఎవరివి వారి చేతిలో ఉండాలి. 'అన్నీ మా పాస్టరు దగ్గర ఉన్నాయి' అనే జవాబు కౌంటర్ దగ్గర పనిచేయదు.

టూరిస్టు వీసాపై సేవ, ప్రచారం చేయవచ్చా?

ఈ ప్రశ్నను చాలా బృందాలు అడగనే అడగవు. పవిత్ర స్థలాలు చూసి, ప్రార్థన చేసుకుని రావడం వేరు. అక్కడ బోధించడం, వైద్య శిబిరం పెట్టడం, కరపత్రాలు పంచడం వేరు. ఇజ్రాయెల్‌ను తీసుకుంటే, సందర్శకులకు బీ-2, స్వచ్ఛంద సేవకులకు బీ-4, మతాచార్యులకు ఏ-3 అని వీసాలే వేరుగా ఉన్నాయి. డబ్బో ఇతర లాభమో ఆశచూపి మతం మార్పించడం అక్కడ 1977 నుంచి నేరం.

నేపాల్ విషయంలో పొరపాటు పడటం ఇంకా తేలిక. భారతీయులకు వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చూపించి సరిహద్దు దాటవచ్చు. మన దేశంలోని మరో రాష్ట్రానికి వెళ్తున్నట్టే అనిపిస్తుంది. కానీ 2015 నాటి నేపాల్ రాజ్యాంగంలోని 26వ అధికరణం ఇతరులను మతం మార్పించడాన్ని నిషేధిస్తోంది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం అందుకు అయిదేళ్ల వరకు జైలు, 50 వేల నేపాలీ రూపాయల వరకు జరిమానా. విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపేస్తారు. బృందంలో ఒక్కరు సంచిలో కరపత్రాలు తీసుకెళ్లినా విచారణ మిగతావారినీ తాకవచ్చు. ఏం చేయబోతున్నారో, ఏం చేయకూడదో బయల్దేరే ముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పడం నాయకుడి బాధ్యత.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలి?

నాయకుడి సొంత ఖాతాలో మాత్రం కాదు. ఎంత నమ్మకస్తుడైనా సరే. కారణం అనుమానం కాదు, పన్ను లెక్క.

విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే ఆపరేటర్ మన నుంచి టీసీఎస్ వసూలు చేసి ప్రభుత్వానికి కడతాడు. 2025-26 ఆర్థిక సంవత్సరం నిబంధనల ప్రకారం ఒక వ్యక్తికి ఏడాదిలో 10 లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. ఒక్కొక్కరికి లక్షన్నర చొప్పున 40 మందికి 60 లక్షలు అనుకుందాం. ఆ రేట్ల ప్రకారం ఎవరి పాన్‌పై వారు కడితే తలకు 7,500 చొప్పున మొత్తం 3 లక్షల టీసీఎస్ అయ్యేది. అదే నాయకుడు అందరి దగ్గరా పోగుచేసి తన పాన్‌పై కడితే? మొదటి 10 లక్షలకు 50 వేలు, మిగతా 50 లక్షలకు 10 లక్షలు. మొత్తం పదిన్నర లక్షలు, అదీ ఆయన పేరు మీద! పైగా సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు, ఆపైన నగదు జమ అయితే బ్యాంకు ఆ సమాచారాన్ని ఆదాయపన్ను శాఖకు పంపుతుంది. రేట్లు బడ్జెట్‌తో మారుతుంటాయి, కాబట్టి కట్టే రోజున ఏది అమల్లో ఉందో అడగండి. టీసీఎస్ పోయిన డబ్బు కాదు. రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. పన్ను పరిధిలో లేని పెన్షనర్లు, గృహిణులు కూడా అందుకోసం రిటర్ను వేయాలి.

ఆపరేటర్‌తో ఒప్పందం, రసీదు ఒక్కొక్కరి పేరిట విడివిడిగా తీసుకోండి. సాధారణంగా పది మంది దాటితే ఎయిర్‌లైన్స్ గ్రూప్ బుకింగ్‌గా తీసుకుని ముందు కొంత డిపాజిట్ కట్టించుకుంటాయి, పేర్లు తర్వాత ఇవ్వవచ్చు. ఒకరు మానుకుంటే ఆ సీటు డబ్బు ఎంత తిరిగొస్తుంది, ఏ తేదీ వరకు పేరు మార్చవచ్చు అనేవి కాగితం మీద ఉండాలి. కుటుంబంలో చావు వస్తుంది, వీసా తిరస్కరణకు గురవుతుంది, ఎవరో ఒకరు ఆగిపోతారు. అప్పుడు మిగతావారు భరించాలా, ఆయన నష్టపోవాలా అని విమానాశ్రయంలో తగువు పెట్టుకోవద్దు.

మీరు ఆపరేటర్‌కు కట్టడంతోనే పని అయిపోదు, ఆపరేటర్ అవతలి దేశంలో సమయానికి కట్టాలి. 2025 హజ్‌లో ఏం జరిగిందో చూడండి. భారత్‌కు వచ్చిన 1,75,025 కోటాలో 52,507 ప్రైవేటు ఆపరేటర్లది. ప్రభుత్వం 800కు పైగా ఆపరేటర్లను 26 బృందాలుగా కలిపింది. వారిలో చాలామంది మినా గుడారాలు, వసతి, రవాణా ఒప్పందాలను సౌదీ ఇచ్చిన గడువులోగా పూర్తిచేయలేదని కేంద్రం చెప్పింది. కేంద్రం మాట్లాడాక సౌదీ 10 వేల మందికి మాత్రమే పోర్టల్ మళ్లీ తెరిచింది. దాదాపు 42 వేల మంది ఆ ఏడాది వెళ్లలేకపోయారు. వాళ్లు డబ్బు కట్టలేదని కాదు. కాబట్టి ఆపరేటర్‌ను 'రసీదు ఇస్తారా?' అనే కాదు, 'హోటల్ కన్ఫర్మేషన్ నంబరు చూపిస్తారా?' అని కూడా అడగాలి. హజ్‌కు అయితే కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ జాబితాలో ఉన్న ఆపరేటర్ దగ్గరికే వెళ్లాలి, లేదా రాష్ట్ర హజ్ కమిటీ ద్వారా వెళ్లాలి.

ప్రభుత్వ సాయం గురించి కూడా ఒక మాట. జెరూసలేం యాత్రకు 60 వేలు ఇస్తారని వాట్సాప్‌లో తిరిగే సందేశం ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించినది. ఆ ప్రభుత్వం 2019 నవంబరులో తమ రాష్ట్రవాసులకు సాయాన్ని పెంచింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉంటే 40 వేల నుంచి 60 వేలకు, అంతకుమించితే 20 వేల నుంచి 30 వేలకు. దాన్ని లెక్కలో వేసుకుని పెద్దపల్లి జిల్లాలో డబ్బు వసూలు చేయడం సరికాదు. హజ్ సబ్సిడీ 2018లోనే ఆగిపోయింది.

చేతి ఖర్చులకు చాలా దేశాలకు సాధారణంగా ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే విదేశీ నోట్లు తీసుకెళ్లవచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డులో ఉంచుకోవాలి. యాత్రకు విదేశాల్లోని సంస్థల నుంచి విరాళం తీసుకోవాలంటే సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి.

కంపెనీ మెడికల్ కార్డు అక్కడ చెల్లదు

రిటైరైన కార్మికుల దగ్గర ఉండే సీపీఆర్‌ఎంఎస్ కార్డు ఇక్కడి ఎంపానెల్ ఆసుపత్రుల కోసం. విదేశాల్లో ప్రయాణ బీమానే దిక్కు. భూగర్భ గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేసినవారిలో ఊపిరితిత్తుల సమస్య, చెవుడు, మోకాళ్ల నొప్పులు కొత్తేమీ కాదు. బీమా ఫారంలో వాటిని దాచిపెడితే క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణం అవుతుంది. ప్రీమియం కొంత పెరిగినా ఉన్నది ఉన్నట్టు రాయండి. జెరూసలేం పాత నగరంలో రాతి మెట్లే ఎక్కువ, మక్కాలో నడక ఎక్కువ. ఆయాసం ఉన్నవారికి వీల్‌చైర్ ముందే మాట్లాడుకోవడంలో నామోషీ లేదు. ఉమ్రా, హజ్‌లకు మెనింజైటిస్ టీకా తప్పనిసరి. ఆ సర్టిఫికెట్ పాస్‌పోర్టుతోపాటు ఉంచుకోవాలి.

జాబితా ఎలా ఉండాలి?

2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌పై హమాస్ దాడి జరిగినప్పుడు మేఘాలయ నుంచి జెరూసలేం యాత్రకు వెళ్లిన 27 మంది బెత్లెహేంలో చిక్కుకున్నారు. వారిలో ఒక రాజ్యసభ సభ్యుడూ ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం, భారత రాయబార కార్యాలయం కలిసి వారిని సరిహద్దు దాటించి ఈజిప్టుకు చేర్చాయి. కొద్ది రోజులకే కేంద్రం ఆపరేషన్ అజయ్ మొదలుపెట్టింది. 2025 జూన్‌లో మళ్లీ ఆపరేషన్ సింధు అవసరమైంది. ఇలాంటి సమయంలో అధికారులు మొదట అడిగేది పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, ఇప్పుడు ఎక్కడున్నారు అనేదే.

కాబట్టి ఒకే జాబితాలో పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, నంబరు, రక్తం గ్రూపు, వాడే మందులు, బీమా పాలసీ నంబరు, ఇంటి దగ్గర ఇద్దరి ఫోన్లు రాయండి. ఒక కాపీ నాయకుడి దగ్గర, ఒకటి ఉప నాయకుడి దగ్గర ఉండాలి. మూడోది గోదావరిఖనిలోనే ఉండిపోయే ఒక బాధ్యుడి దగ్గర ఉండాలి. చాలామంది ఈ మూడో కాపీనే వదిలేస్తారు. రోజూ బస్సు కదిలే ముందు ఎవరెక్కారో, ఎవరు ఎక్కలేదో ఇక్కడి మనిషికి వాట్సాప్‌లో పంపాలి. అయిదారుగురికి ఒక పెద్ద చొప్పున పెట్టుకుంటే లెక్క తేలిక. హజ్‌కు 2025లో ప్రభుత్వమే 150 మందికి ఒక ఇన్‌స్పెక్టర్‌ను పంపింది. ప్రైవేటు యాత్రలో ఆ ఏర్పాటు మీరే చేసుకోవాలి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ముందే రిజిస్టర్ చేసుకోండి, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం ఫోన్ నంబరు అందరి ఫోన్లలో వేయించండి. అన్ని పాస్‌పోర్టులూ ఒకే సంచిలో పెట్టి ఒకరికే అప్పగించవద్దు.

ఆపరేటర్ మోసం చేస్తే

ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. పరిష్కారం కాకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం ప్రకారం ఆపరేటర్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, ముంబైలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఒప్పందం, రసీదు మీ పేరిట ఉంటే మీరే స్వయంగా వినియోగదారు. డబ్బు మొత్తం నాయకుడి పేరిట కట్టి ఉంటే, మీరు కట్టారని ముందు ఆయనే వచ్చి చెప్పాల్సి వస్తుంది.